పరీక్షాగారం అంటే పరీక్ష హాలు కాదంట! మా గుంటడి సైన్సు మాటలతో నా అవస్థ

రాయగడ_అమ్మ
మా వాడు ఏడో క్లాసు, ఇక్కడ ఒడిశాలో ఒడియా మీడియం. నేను పార్వతీపురంలో తెలుగు మీడియం చదివేను, ఒడియా మాట్లాడ్డం బాగానే వచ్చుగానీ చదవడం కూడబలుక్కోవాలి. మొన్న సైన్సు హోంవర్కు ఇచ్చేరు, పరీక్షాగారంలో తీసుకోవలసిన జాగ్రత్తలు అయిదు రాయమని. నేను పోపు వేస్తూ వంటింట్లోంచే చెప్పీసేను, పక్కోడి పేపర్లోకి చూడకూడదు, రెండు పెన్నులు పట్టుకెళ్ళాలి, హాల్ టికెట్ మర్చిపోకూడదు, బెల్లు కొట్టకముందే కూర్చోవాలి, రోల్ నంబరు ముందే వేసుకోవాలి అని. వాడు బుద్ధిగా అన్నీ ఒడియాలో రాసుకుని వెళ్ళేడు. తీరా చూస్తే పరీక్షాగారం అంటే ల్యాబంట!! క్లాసులో లేపి పైకి చదివించేరట. ఇంటికొచ్చి బ్యాగు విసిరీసి "నీ తెలుగు నాకొద్దమ్మా" అన్నాడు. ఇలాగ మన మాటలాగే ఉండి అర్థం వేరే అయిపోయేవి ఇంకేటేటి ఉన్నాయో చెప్పండి బాబూ, వచ్చేవారం యూనిట్ టెస్టు. ల్యాబ్ పనులు, పదార్థం, ఖనిజాలు, ఈ మూడు పాఠాలూ.

గుణుపురం_గుంటడు
ల్యాబుకి హాల్ టికెట్ హహహహ అక్కా సారీ, నవ్వాగట్లేదు

బరంపురం_బాబాయ్
ఒక రకంగా కరెక్టే చెప్పేవమ్మా, పక్కోడి రీడింగు చూసి రాయకూడదన్నది ల్యాబులో కూడా మొదటి జాగ్రత్తే

జయపురం_జోజి
అక్కా మా ఇంట్లో "ధాతు" దగ్గర పడింది గొడవ. పాప చదువుతోంది, "తంబా ఒక ధాతు, గంధకం అధాతు" అని. మా తాతయ్య వాలుకుర్చీలోంచి లేచి ధాతువు అంటే ఒంట్లో ఉంటాదే, ధాతుపుష్టికి లేహ్యం తింటాం కదా, రాగి ఎలాగ ధాతువు అవుతాది అని. రైల్వే గోడల మీద రాతలన్నీ చదివిన జ్ఞానం మరి

గుణుపురం_గుంటడు
తాతయ్యకి జోహార్లు

పర్లాకిమిడి_మాస్టారు
రాయగడమ్మా, నేను రిటైరయిన సైన్సు మాస్టార్ని, తెలుగు పిల్లలకీ ఒడియా పిల్లలకీ ఇద్దరికీ చెప్పేను కాబట్టి ఈ గోతులన్నీ నేను పడి లేచినవే. ఒకటొకటిగా చెప్తాను. ఒడియాలో ప్రయోగం చేయడాన్ని కూడా పరీక్షే అంటారు, అందుకే ల్యాబు పరీక్షాగారం అయింది, మన ప్రయోగశాల. వాళ్ళ ప్రయోగ అన్నమాటకి వాడుక, ఉపయోగం అని అర్థం. ఇక జోజి చెప్పిన ధాతు. ఒడియాలో, హిందీలో కూడా ధాతు అంటే మనం లోహం అనేది. మనకి ధాతువు అంటే క్రియాధాతువు, ఒంట్లో సప్తధాతువులు, పాత పుస్తకాల్లో అయితే గనిలోంచి తీసిన ముడిఖనిజాన్ని కూడా ధాతువు అనేసేవారు. అంటే ఒకే మాట వాళ్ళకి శుద్ధి చేసిన సరుకు, మనకి శుద్ధి చేయని సరుకు. ఇంతకన్నా పెద్ద గొయ్యి లోహం. వాళ్ళకి లౌహ అంటే ఇనుము ఒక్కటే. మన పిల్లడు ఇంటి అలవాటు కొద్దీ "తంబా ఒక లౌహ" అని రాశాడనుకో, రాగి ఒక రకం ఇనుము అని రాసినట్టు. సున్నా.

రాయగడ_అమ్మ
అయ్యబాబోయ్ మాస్టారూ, సరిగ్గా ఇదే, అక్షరం తేడా లేకుండా ఇదే రాసి పోయినసారి ఒక మార్కు పోగొట్టుకున్నాడు. నేనే "రాగి లోహం కదరా, మీ సారు తప్పు దిద్దేరు" అని వెనకేసుకొచ్చేను కూడా

పర్లాకిమిడి_మాస్టారు
ఇక పదార్థం పాఠం. పదార్థం అనే మాట ఇద్దరికీ ఒకటే, అక్కడ భయం లేదు. ఘన, ద్రవ, వాయు అని మనం అంటే వాళ్ళు కఠిన, తరళ, గ్యాసీయ అంటారు. తరళం అంటే మనక్కూడా కదిలేది, చలించేది అనే కదా, అది తేలిగ్గా పట్టుబడుతుంది. కఠినమే పేచీ. మనకి కఠినం అంటే గట్టిది, కష్టమైనది. మైనం వేలితో నొక్కితే నొక్కుకుపోతుంది, మన పిల్లడు అది కఠినం కాదు అంటాడు. కానీ మైనం ఘనపదార్థమే, అంటే వాళ్ళ లెక్కలో కఠినే. తన ఆకారం తను నిలబెట్టుకుంటే ఘనం, పోసిన గిన్నె ఆకారం తెచ్చుకుని పరిమాణం మారకపోతే ద్రవం, రెండూ నిలవకపోతే వాయువు. గట్టిదనంతో పని లేదు.

బరంపురం_బాబాయ్
అయితే మా ఆవిడ చేసే గులాబ్‌జాము కఠిన కూడా, కఠినం కూడా

కోరాపుట్_కాఫీ
బాబాయ్ ఇది పిన్ని చదివితే మీరు బాష్పీభవనం అయిపోతారు

జయపురం_జోజి
బాష్పీభవనం అంటే గుర్తొచ్చింది, మనకి బాష్పాలంటే కన్నీళ్ళు, ఆనందబాష్పాలు అంటాం కదా. ఒడియాలో బాష్ప అంటే ఆవిరి. మా చెల్లి చిన్నప్పుడు "సముద్రం ఏడిస్తే మబ్బులవుతాయి" అని రాసింది, టీచరు కవిత్వం అనుకుని గుడ్ పెట్టేరు

ఇంగ్లీష్_మీడియం_నాన్న
ఇదంతా ఎందుకండీ, ఇంగ్లీషు మీడియంలో వేసేస్తే ఏ గొడవా లేదు. ల్యాబ్ అంటే ల్యాబే, మెటల్ అంటే మెటలే. మా పాపని అందుకే మార్చీసేం

గుణుపురం_గుంటడు
అక్కడ లేదా గొడవ? నాకు మ్యాటర్ అంటే "ఏటి మ్యాటరు" అని అడగడమే తెలుసు. మాస్ అంటే మాస్ హీరో. సొల్యూషన్ అంటే సైకిల్ పంచరు వేసేటప్పుడు రాసే జిగురు. మినరల్ అంటే ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను. నాలుగు మాటల్లో నాలుగూ తప్పే, నేనూ ఇంగ్లీష్ మీడియమే అంకుల్

ఇంగ్లీష్_మీడియం_నాన్న
అది నువ్వు క్లాసులో సరిగ్గా వినక

గుణుపురం_గుంటడు
ఒప్పుకుంటాను

ఛత్రపురం_ఇసక
మాస్ గురించి ఒక్కమాట. మన ద్రవ్యరాశిని ఒడియాలో బస్తుత్వ అంటారు, ఘనపరిమాణాన్ని ఆయతన. ఇక్కడ రెండూ వినగానే తెలియవు కాబట్టి తప్పు జరగదు, నేర్చుకుంటారు అంతే. అసలు ప్రమాదం హిందీతో, మా అక్క కొడుకు అక్కడ ఇరుక్కున్నాడు. మనకి సాంద్రత అంటే డెన్సిటీ. హిందీలో సాంద్రతా అంటే ద్రావణంలో ఎంత చిక్కగా కలిసిందో అది, మన గాఢత. డెన్సిటీని వాళ్ళు ఘనత్వ అంటారు. వాడు ఉప్పునీళ్ళ లెక్కలో గాఢత అడిగితే సాంద్రత కట్టి ఇచ్చేడు. లెక్క మటుకు తప్పులేదు, అడగనిది చేశాడు

పర్లాకిమిడి_మాస్టారు
ఇసక బాబూ, మంచి పాయింటు.
ఇంగ్లీష్ నాన్నగారూ, మీ మీద కోపం కాదుగానీ ఒక్క సంగతి. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పింది మా ఊళ్ళోనే. వాడుకభాషలో చదువు చెప్పాలని పోట్లాడిందీ, సవర వాళ్ళ భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకి వాళ్ళ మాటల్లోనే పాఠాలు రాసిందీ ఇక్కడే. 1936లో ఊరు ఒడిశాలోకి వచ్చింది. వచ్చాక కూడా మన ఇళ్ళలో తెలుగే. ఆయన తిరిగిన వీధుల్లో కూర్చుని ఇగిరిపోవడం అనే మాట నోట్లో పెట్టుకుని బాష్పీభవనం అని బట్టీ పట్టిస్తున్నాం. ఒడియాదో తెలుగుదో తర్వాత సంగతి, రెండూ సంస్కృతం పెట్టెలోంచి తీసినవే, అందుకే కదా ఒకే మాటకి రెండు అర్థాలు.

రాయగడ_అమ్మ
అవును మాస్టారూ, వాడికి ఇగిరిపోవడం అంటే తెలుసు, పులుసు ఇగిరిపోయిందంటే పరిగెట్టి స్టవ్ కట్టీస్తాడు

సాలూరు_సుబ్బి
నేను ఇవతల ఆంధ్రా జిల్లాదాన్నే కానీ దూరొచ్చా? పదార్థాలు వేరుచేసే పాఠం మొత్తం వంటింట్లో ఉంది అక్కా. గంజి వారుస్తాం చూడండి, మెతుకులు అడుగున ఆగి గంజి మాత్రం పైనుంచి పోతాది, పుస్తకంలో తేర్చడం అంటే అదే. పిండి జల్లెడ పడతాం. టీ వడపోత. చేటతో చెరగడం అంటే గాలి తూర్పారపట్టడమే చిన్నగా. పటిక తిప్పితే బురదనీళ్ళలో మడ్డి అడుగుకి దిగి తేట పైకి వస్తాది. ఇంకొకటి పుస్తకాల్లో ఉండదు, బియ్యం గాలించడం. తప్పేలాలో నీళ్ళు పోసి వారకి వంచి గుండ్రంగా కుదుపుతూ బియ్యాన్ని నీళ్ళతోపాటు రెండో గిన్నెలోకి జార్చుతాం, ఆఖర్న చారెడు నీళ్ళలో రాళ్ళు మిగుల్తాయి. మా అమ్మమ్మ చెయ్యి తిప్పితే ఒక్క రాయి వచ్చేది కాదు పంటి కిందకి. నాకు రాలేదు ఆ చెయ్యి

ఛత్రపురం_ఇసక
సుబ్బి గారూ మీరు ఇప్పుడు చెప్పింది మా ఊరి ఫ్యాక్టరీ పని! మా సముద్రం ఒడ్డున ఇసకలో నల్లగా చారలు ఉంటాయి, అందులో ఇల్మనైటు, రూటైలు, జిర్కాను, సిలిమనైటు, గోమేదికం జాతి గార్నెట్టు, కొంచెం మోనజైటు, ఇలాంటి బరువు ఖనిజాలు. మామూలు ఇసక అంటే పలుగురాయి పొడి, దాని సాంద్రత 2.65. ఇల్మనైటుది 4.7 దాకా. నీళ్ళతో కలిపి మరమెట్లలా చుట్టు తిరిగే కాలవల్లోంచి వదిలితే బరువువి లోపలివైపు ఆగుతాయి తేలికవి బయటవైపు కొట్టుకుపోతాయి. అది గాలించడమే. తర్వాత మిగిలినవాటిని అయస్కాంతంతోనూ కరెంటు పారేవీ పారనివీ అనీ వేరుచేస్తారు. మా అమ్మకి ఇలా చెప్తే "దానికి ఇంజనీర్లెందుకు" అంది

దమన్‌జోడి_డంపర్
ఖనిజాల పాఠం అన్నారు కాబట్టి వచ్చా. మా పంచపట్‌మలి కొండ మీద బాక్సైటు తీస్తారు, కన్వేయరు బెల్టు మీద దగ్గర దగ్గర 15 కిలోమీటర్లు దిగి దమన్‌జోడి రిఫైనరీకి వస్తాది. ఇక్కడ అయ్యేది అల్యూమినా, తెల్లటి పొడి, పిండిలా ఉంటాది. లోహం ఇక్కడ రాదు, అల్యూమినాని అంగుల్ పంపి అక్కడ కరెంటు పెట్టి తీస్తారు. లెక్క ఏటంటే సుమారు నాలుగు నుంచి ఆరు టన్నుల బాక్సైటుకి రెండు టన్నుల అల్యూమినా, దాంట్లోంచి ఒక టన్ను అల్యూమినియం. ఇంత చేసి ఇంటికెళ్తే మా అమ్మ "ఆ సిల్వర్ గిన్నె అందుకోరా" అంటాది. ముప్ఫై ఏళ్ళుగా చెప్తున్నా సిల్వర్ కాదమ్మా అని

జయపురం_జోజి
మన ఇళ్ళలో అల్యూమినియం ఎప్పటికీ సిల్వరే

బరంపురం_బాబాయ్
బాక్సైటు ఖనిజం అని రాయాలా ముడిఖనిజం అని రాయాలా? మా మనవరాలికి రెండూ కొట్టేశారు ఒకసారి

దమన్‌జోడి_డంపర్
నిజం చెప్పాలంటే బాక్సైటు ఒక్క ఖనిజం కాదు, అది రాయి. గిబ్సైటు, బోమైటు, డయాస్పోరు అనే ఖనిజాలు, ఇనుము తుప్పు, మట్టి అన్నీ కలిసిన ముద్ద. ముడిఖనిజం అనడం కరెక్టు, ఎందుకంటే దాంట్లోంచి లాభానికి లోహం తీయగలం. మామూలు బంకమన్నులోనూ అల్యూమినియం ఉన్నాది, కానీ తియ్యాలంటే ఖర్చు తడిసి మోపెడు, అందుకే అది ముడిఖనిజం కాదు

ఇంగ్లీష్_మీడియం_నాన్న
మా పాప బుక్కులో బాక్సైట్ ఈజ్ ఎ మినరల్ అనే ఉంది. పరీక్షలో ఈ రాయి కథ రాస్తే మార్కులు పోతాయి. బుక్కులో ఉన్నదే రాయించండి

కోరాపుట్_కాఫీ
ఆ బుక్కులో ఉన్నదే రాయమనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతాది. నేను ఎనిమిదిలో ఉండగా ల్యాబులో నీళ్ళు మరగబెట్టి ఉష్ణోగ్రత రాయమన్నారు. కుతకుతా మరుగుతున్నాయి, ఆవిరి కొడుతోంది, ధర్మామీటరు 97 దగ్గర ఆగిపోయింది. ఇంకా అయిదు నిమిషాలు చూశా, కదల్లేదు. 97 అని రాస్తే మాస్టారు ఎర్రపెన్నుతో కొట్టి 100 వేశారు. అందరూ 100 రాశారు, నా ఒక్కడిదే తప్పు. స్కూలు పేరు వద్దులెండి

బరంపురం_బాబాయ్
ధర్మామీటరు పాతదయి ఉంటుంది. లేకపోతే నీళ్ళలో ఉప్పు

కోరాపుట్_కాఫీ
ఉప్పు ఉంటే ఎక్కువ దగ్గర మరుగుతాది బాబాయ్, తక్కువ కాదు. కోరాపుట్ 870 మీటర్ల ఎత్తులో ఉంది. పైన గాలి బరువు తగ్గుతాది కాబట్టి నీళ్ళు తొందరగా మరుగుతాయి, ప్రతి 300 మీటర్లకీ ఇంచుమించు ఒక డిగ్రీ. లెక్కేసుకోండి, 97 వస్తాది. మీ బరంపురంలో 100. దేవమాలి కొండ 1672 మీటర్లు, అక్కడ 95 కూడా రాదు. ఇది నాకు ఇంజనీరింగులో తెలిసింది, అప్పటికి ఎనిమిదేళ్ళయింది ఆ మార్కు పోయి

బరంపురం_బాబాయ్
సరే ఒప్పుకున్నా. మా వియ్యపురాలు కోరాపుట్‌లో కందిపప్పు ఉడకదు ఉడకదు అంటుంటే పప్పు మంచిది కాదనుకున్నాను

పర్లాకిమిడి_మాస్టారు
కాఫీ బాబూ, నీ 97కి ఆ రోజు నేనుంటే రెండు మార్కులు వేసేవాణ్ణి. కానీ చిన్న ప్రశ్న, ధర్మామీటరు గుండు గిన్నె అడుగుకి తగిలిందా లేదా చూశావా? కన్ను పాదరసం ఎత్తులోనే పెట్టి చదివావా?

కోరాపుట్_కాఫీ
తగల్లేదు మాస్టారూ. కన్ను సంగతి గుర్తు లేదు, స్టూలు ఎక్కి చూశాను అంతవరకే తెలుసు

పర్లాకిమిడి_మాస్టారు
అదీ. రాయగడమ్మా, మీ వాడి అయిదు జాగ్రత్తల్లో ఇది పెట్టు. కొలజాడీలో నీళ్ళు అంచుల దగ్గర పైకి పాకి మధ్యలో వంపు తిరుగుతాయి, ఆ వంపు అడుగు దగ్గర చదవాలి, కన్ను అదే ఎత్తులో. మిగిలినవి, ఆమ్లంలో నీళ్ళు పోయకూడదు, నీళ్ళలోకే ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా. వాసన నేరుగా పీల్చకుండా చేత్తో విసురుకోవాలి. పరీక్షనాళిక వేడిచేస్తే మూతి మనుషుల వైపు ఉండకూడదు. ఏదీ నాలిక మీద వేసుకోకూడదు. హాల్ టికెట్ ఐచ్ఛికం.

సాలూరు_సుబ్బి
మాస్టారూ హహహ

జయపురం_జోజి
ఖనిజాల గట్టిదనం పాఠం ఎవరూ చెప్పలేదు. మోస్ అనే ఆయన 1812లో పెట్టిన లెక్క, ఒకటి నుంచి పది. ఒకటి టాల్కు, పది వజ్రం. మన బలపం రాయి ఆ టాల్కు జాతే, గోరుతో గీస్తే గీత పడుతుంది. గోరు రెండున్నర. గాజు అయిదున్నర. పలుగురాయి ఏడు కాబట్టి గాజుని గీస్తుంది. కురువిందం తొమ్మిది, కెంపూ నీలమూ రెండూ కురువిందమే రంగు తేడా అంతే. ఒడియాలో బలపాన్ని ఖడి అంటారు, అక్షరాభ్యాసాన్ని ఖడిఛుఆఁ అంటారు కదా

రాయగడ_అమ్మ
జోజీ తమ్ముడూ ఇది నువ్వు రెండ్రోజులు ఆగి రాయాల్సింది. మా వాడు నా వెనక నిలబడి చదివేడు. నాగావళి ఒడ్డునించి తెచ్చిన పలుగురాయితో బీరువా అద్దం మీద ఇంగ్లీషు సెవెన్ గీసి పెట్టేడు. గాజు కన్నా గట్టిదే, రుజువయింది. వాళ్ళ నాన్న ఊర్నించి రేపొస్తారు

జయపురం_జోజి
అక్కా నేను ఈ వేదిక వదిలి వెళ్ళిపోతున్నాను

దమన్‌జోడి_డంపర్
అద్దం పాడవకుండా చేసేది ఉంది. గోడకి వేసే టైలు ముక్క తీసుకుని మెరుపు లేని వెనకవైపు మీద రాయి గీకమనండి. రాయి రంగు కాదు, గీత రంగు చూడాలి. ఇనుప ఖనిజాలే చూడండి, హెమటైటు నల్లగా మెరిసినా గీత ఎర్రగోధుమ రంగే. మాగ్నటైటు గీత నలుపు

రాయగడ_అమ్మ
(పది రోజుల తర్వాత) టెస్టు అయిపోయింది, 25కి 21. లౌహ, ధాతు, కఠిన మూడూ కరెక్టు రాసేడు. బాక్సైటుని రాయి అని రాస్తే కొట్టేశారంట, నాన్నగారూ మీరు చెప్పినట్టే అయింది. కానీ ఇప్పుడు నా గొడవ వేరే. నిక్కరు జేబులో రాయి చూసుకోకుండా వాషింగ్ మెషీన్లో వేసీసేను, గడగడమని తిరిగి తెల్లచొక్కాలన్నీ నల్లమరకలు. రాయి నల్లగా ఉంది, ముట్టుకుంటే వేళ్ళకి మసి అంటుతోంది. ఏటిది? మరక ఎలాగ పోతాది?

గుణుపురం_గుంటడు
బొగ్గు

దమన్‌జోడి_డంపర్
రాయగడ చుట్టుపక్కల మాంగనీసు ఉంది, గ్రాఫైటూ ఉంది. రెండూ నల్లగా అంటుకుంటాయి. గ్రాఫైటయితే జిడ్డుగా జారుతుంది, కాయితం మీద పెన్సిల్లా రాస్తుంది

పర్లాకిమిడి_మాస్టారు
ఊహలెందుకు, కొలవమను. బరువు తూచి, నీళ్ళలో ముంచి ఎంత పెరిగిందో చూసి భాగించమను. గ్రాఫైటు సాంద్రత 2.2 దగ్గర ఉంటుంది, మాంగనీసు రాయి 4 దాటుతుంది.

రాయగడ_అమ్మ
కొలజాడీ లేదుగానీ మా చంటిదాని పాలసీసా మీద గీతలున్నాయి. కిరాణా కొట్టు కాటా మీద 84 గ్రాములు. సీసా మూతిలోంచి పడుతుందా అనుకున్నాం, పట్టింది. నీళ్ళు 100 నుంచి 120కి వచ్చేయి. నేల మీద బోర్లా పడుకుని వంపు అడుగునే చదివేడు మాస్టారూ, నేను చూసేను. 4.2 వచ్చింది

దమన్‌జోడి_డంపర్
అయితే మాంగనీసే. మరక మీద నిమ్మరసం పిండి కాసేపు ఉంచండి, తగ్గుతాది. గ్రాఫైటయితే నిమ్మరసానికి కదలదు. ఆ పాలసీసా మటుకు ఇంక చంటిదానికి వద్దు, కొత్తది కొనండి

రాయగడ_అమ్మ
రెండు చొక్కాలకి తగ్గింది. మూడోది వాళ్ళ నాన్నది, దాచీసేను